మూడుసార్లు అడిగిన మాట

బాబా,

సలాం. నేను అనసూయను. లాల్‌దర్వాజ కెల్లి బేస్తవారం బేస్తవారం టాంగల మీ బార్కస్‌కు వచ్చేటిదాన్ని... సరోజ తల్లిని. మీరు పోయి ఆర్నెల్లయింది. ఆర్నెల్లు మీతోని ఒక్క మాట మాట్లాడకుండ ఉండుడంటే నా అసోంటిదానికి ఎంత కష్టమో మీకెరుకే.

మీకు తెలుగు చదువ రాదు. అది కూడ ఎరుకే. ఒకసారి మందు పేరు రాసిన చిట్టీ ఇస్తే తలకిందులు పట్టుకొని, "మస్తు రాసినవ్ బేటీ" అన్నరు. ఇప్పుడు మీరున్న కాడ ఏ భాష నడుస్తదో నాకేం తెలుసు? ఎవలో ఒకరు చదివి పెట్టకపోతరా... అని రాస్తున్న. మీ మొకం చూసుకుంట చెప్పాల్సిన మాట ఒకటుండె. నాలుగేండ్లు చెప్పలే. కాయితం మీదనన్న పెడ్త.

ముందుగాల్ల ఇంటి సంగతులు చెప్తే తప్ప మీరు ఊకోరు. "బిడ్డ ఏం తిన్నది, ఎంత పండుకున్నది, ఎవల్ని కరిచింది"... ఈ మూడు అడిగినంకనే నన్ను కూసొమ్మనేటోళ్లు.

సరోజకు తొమ్మిదేండ్లు నిండినయి. తింటున్నది. పెరుగన్నం తెల్లగ ఉండాలె, అండ్ల కరివేపాకు కనవడ్డదంటే గిన్నె గోడకే. కరుసుడు సంగతి తర్వాత చెప్త. మాట... రాలే. మీరు ఆ ఒక్కటి ఎన్నడు అడగకపోతుంటిరి. నేనే చెప్తున్న, రాలే. చెంబు మూత ఇంకా తిప్పుతనే ఉన్నది. అరుగు మీద కూసొని గిర్రున తిప్పి, అది సన్నగ మోగుకుంట పడిపోయేదాక చూసి, మళ్ల తిప్పుతది. మా గల్లీల ఒకడు దానికి మూతపిల్ల అని పేరు పెట్టిండు. వాని చెవు మెలేసిన. తప్పంటరా? అనుకోండ్రి.

వాళ్ల నాయిన మంచిగనే ఉన్నడు. దఫ్తర్ల ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చిందని నలభై ఏండ్లు దాటినంక పలక పట్టిండు. పొద్దుగాల ఆయన ఏబీసీడీలు దిద్దుతుంటే పక్కన సరోజ మూత తిప్పుతది. ఒకరి మొకం ఒకరు చూడరు. ఇద్దరికి మస్తు హాయి.

మా అత్తకు కండ్లు సగమే కనవడ్తున్నయి గని నోరు మాత్రం పూర్తిగ పని చేస్తున్నది.

మీ వాకిట్లకు నేను మొదటిసారి వచ్చిన దినం మీకు యాదికున్నదా? సరోజకు అప్పుడు ఐదేండ్లు. అప్పటికి మా అత్త చెయ్యని ఇలాజు లేదు. వస కొమ్ము అరగదీసి పిల్ల నాలుకకు రాసింది. ఆ వస కొంచెం నేను కూడ మింగిన్నేమో, అది నాకే పని చేసింది అని ఆయన అంటడు. దర్గల తాయెత్తు కట్టించింది, గుళ్లె మొక్కు మొక్కింది. ఆఖరికి చిలుక కొరికిన జాంపండు తినవెడ్తే మాటలొస్తయని ఎవలో చెప్తే, బార్కస్ జాంతోటలల్ల చిలుకలు బాగున్నయని నన్ను తోలిచ్చింది. గట్లనే కద నేను మీ గల్లీలకు వచ్చింది! మీ ఇంటి ముంగట కాలు ఇరిగినోళ్లు, చెయ్యి ఇరిగినోళ్లు నులకమంచాల మీద కూసొని ఉన్నరు. నా సంగతి ఇని మీరు మీసాలు కదిలేటట్టు నవ్విన్రు.

"చిలుకనే మనిషి కాడ మాట నేర్చుకుంటది. మనిషి చిలుక కాడ నేర్చుకునుడేంది బేటీ?"

నాకు కోపమొచ్చింది. అయినా కూసున్న. ఎందుకంటే మా అత్త ఇంకో మాట కూడ అంటుండె, పిల్లకు మెడల నరం పట్టుకున్నది, బొక్క ఎక్కడ్నో జరిగింది, గందుకే నోరు లేస్తలేదు అని. బొక్కలు కట్టే పెద్దమనిషి ఎదురుంగ ఉంటే అడగకుండ ఎట్ల పోతం?

మీరు సరోజను ముట్టలే. ముందుగాల్ల నన్నడిగిన్రు. "ఎప్పుడన్న పడ్డదా?"

లేదు అన్న.

కొన్ని మంచినీళ్లు తాగి మళ్ల అడిగిన్రు. "చిన్నగున్నప్పుడు పడ్డదా?" లేదు అన్న. ఎవలిదో పట్టీ విప్పి, కొత్తది కట్టి, చేతులు కడుక్కొని మూడోసారి అడిగిన్రు. లేదు బాబా, అన్న. గప్పుడే మిమ్మల్ని మొదటిసారి బాబా అన్న. అబద్ధమాడినోళ్లకు వరుసలు గట్లనే నోటికొస్తయేమో.

మీ పక్కనున్న ముసలాయన నాలుగోసారి అడుగు సాబ్ అంటే మీరు అన్న మాట నేను మర్వలే. "మా ఉస్తాద్ మూడుసార్లు అడగమన్నడు. నాలుగోసారి అడిగితే ఇది దవాఖాన కాదు, కోర్టు కచ్చేరి అయితది."

పడ్డది బాబా. ఎనిమిది నెల్ల పిల్లగున్నప్పుడు. ఆయన దఫ్తరుకు పోయిండు, అత్త గుడికి పోయింది. కాళ్ల మీద పండవెట్టుకొని నూనె పెట్టి అదిమి, వేడినీళ్లు పోసి, లేపబోయిన. నూనె చేతులు... జారింది. బండల మీద పడ్డది. కెవ్వుమన్నది, నేను ఎత్తుకున్న, చన్నిచ్చిన, ఊకున్నది. నాలుగు దినాలు ఒక చెయ్యి సరిగ ఆడియ్యలే. తర్వాత ఆడిచ్చింది. ఎవ్వలకు చెప్పలే. ఆయనకు చెప్పలే, అత్తకు చెప్పలే, నన్ను కన్న తల్లికి కూడ చెప్పలే. రెండేండ్లొచ్చినా పిల్ల అమ్మ అనకపోతే... ఇగ నాకు తెల్వదా ఎందుకనో?

గప్పటిసంది సరోజ ఒంటికి నా చేతులతోని నూనె ముట్టియ్యలే. తలంటు పోసేది అత్తనే. నాకు బద్ధకమని ఊరంత చాటింపేసింది, వేసుకోనీ అన్న.

మీరు ఆ దినం మీ తాలీంల కుస్తీలు పట్టిన పెద్ద చెయ్యిని గౌను మీదికెల్లి దాని వీపు మీద పెట్టిన్రు. ఎవల చెయ్యి తాకినా ఇల్లు పీకి పందిరేసే పిల్ల! మీరు నిమురలే, గోకలే. గట్టిగ ఆనిచ్చి గట్లనే ఉంచిన్రు. మెడ కెల్లి నడుము దాక, భుజాల కాడ, మెల్లమెల్లగ. అది మూత తిప్పుడు బంజేసి నిలబడ్డది.

"బొక్కలు సాఫ్ ఉన్నయి. ఏది జరగలే. మెడకు ఏం కాలే. ఎవడన్న మెడ విరుస్తనంటే, ఎంత తొందరగ పోయినవో అంత తొందరగ వాపస్ రా."

బాబా, ఆ మాటకు ఇంకో తల్లయితే సంతోషపడేది. నేను ఏడ్చిన. మీరేమనుకున్నరో... బిడ్డ బొక్క ఇరిగి ఉంటే బాగుండు అని నాకనిపించింది. ఇరిగింది అతుకుతది కద? ఇరగనిదాన్ని ఏం చెయ్యాలె?

ఏం చెయ్యాలెనో మీరే చూపిచ్చిన్రు. "దీని లోపల లొల్లి ఎక్కువున్నది. లొల్లి తగ్గిస్తం. మాట సంగతి దేవుని ఎరుక" అని, మీ పాత గళ్ల లుంగీని నిలువుగ చింపి, బొక్కలకు కట్టే పట్టీ లెక్క చుట్ట చేసి, దాని భుజాల కెల్లి నడుము దాక బిగించి చుట్టిన్రు. ఊపిరి ఆడాలె, ఒళ్లు తెల్వాలె, గంత బిగువు అన్నరు. బిడ్డ కండ్లు సగం మూసింది. ఇంటికి పోయేటప్పుడు టాంగల నా ఒడిల ఒరిగింది. ఐదేండ్లల్ల మొదటిసారి అది తనంతట తాను నా మీద ఒరిగింది.

ఆ లుంగీ సంగతి మా అత్తకు చెప్తే ఇంకేమన్న ఉన్నదా? మడి ఇల్లు! కొత్త గుడ్డ, బజాట్ల కొన్న అన్న. ఒక నెలకు పట్టీ ఉతుకుకుంట, గళ్లు ముక్కు కాడ పెట్టుకొని చూసి, ఈ సాయెబు బజాట్ల ఎంత మంచి గుడ్డ దొరుకుతది అన్నది. తర్వాత దాన్ని తన చీరల పక్కన దండెం మీద ఆరేసింది. ఏం తెలిసిందో ఏం తెల్వదో, నేను అడగలే.

గట్ల నాలుగేండ్లు. బేస్తవారమొస్తే పొద్దుగాలనే సరోజ దర్వాజ కాడ నిలబడేది. దానికి వారాలు ఎట్ల ఎరుకనో! మీరు అదిమేటోళ్లు, మీ ఇంటామె అమ్మాజాన్ పట్టీ చుట్టేది, జాంపండు సగం కోసి చేతుల పెట్టేది. ఆ దినం, మర్నాడు అది కరుసుకునకపోతుండె, మంచిగ పండుకునేది.

మీరు ప్రతిసారి ఒకే మాట. "నా చెయ్యి వారానికి ఒక్కరోజు. నీ చెయ్యి రోజూ ఉండాలె. పొద్దూకంగ నూనె పెట్టి, నేను అదిమినట్టే అదుము. అదుముతున్నవా?"

ఆఁ బాబా, అదుముతున్న.

ఇది రెండో అబద్ధం. పట్టీ చుట్టేదాన్ని, నిజం. నూనె గిన్నె చేతులకు తీసుకుంటే ఆ బండల చప్పుడు చెవులల్ల ఇనవడేది. బొట్టు నూనె వెయ్యకుండనే నాలుగేండ్లు మీకు ఆఁ చెప్పిన. మీరు దాని పొడిచేతులు పట్టుకొని చూసి, నా దిక్కు చూసి, "అచ్ఛా" అనేటోళ్లు. ఆ అచ్ఛా ఇప్పుడు నాకు నిద్రల కూడ ఇనవడ్తది.

మాఘమాసంల ఒక బేస్తవారం వచ్చేసరికి మీ వాకిట్ల మంచాలు లేవు. జనం నిలబడి ఉన్నరు. టాంగా ఆయన దిగి అడిగొచ్చి, టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. నాకు అర్థమయింది. సరోజకు ఎట్ల అర్థం కావాలె? అది దిగి, ఎప్పటి లెక్కనే మీ మంచమేసే జాగల వీపు తిప్పి నిలబడ్డది. ఎవ్వలు చెయ్యి పెట్టలే. చానసేపు గట్లనే నిలబడ్డది. ఇంటికెట్ల తెచ్చుకున్ననో నన్నడగకుండ్రి.

తర్వాత ప్రతి బేస్తవారం దర్వాజ కాడ నిలబడుడు, మధ్యాహ్నం దాక చూసుడు, అరుసుడు. మీరు పోయిన్రని దానికి ఏ మాటతోని చెప్పాలె? నాకున్నయే మాటలు...

ఆషాడం వచ్చింది. మా బోనాల డప్పులు బార్కస్ దాక ఇనవడ్తయని మీరే అనేటోళ్లు. పోయినేడాది ఆ మూడు దినాలు దాన్ని మీ ఇంట్ల, అమ్మాజాన్ కాడ ఉంచుకున్నరు. ఈసారి ఇంట్లనే. గల్లీల డప్పులు, ఇంటెనుక డప్పులు. చెవులు మూసుకొని మూలకు ఒదిగి, ముంజెయ్యి కరుసుకున్నది. పట్టీ చుట్టిన, ఆగలే. రక్తం వచ్చింది. వాళ్ల నాయిన దాని నోటికి తన చెయ్యి అడ్డం పెట్టిండు, అది కూడ కరిచింది. ఆయన కదలలే.

గప్పుడు మా అత్త నది అవతల ఎవలో ఉన్నడని కబురు పట్టుకొచ్చింది. పిల్లల మెడ రెండు చేతుల పట్టి ఒక్కసారి టక్కుమని తిప్పుతడంట, పట్టిన నరం విడుస్తదంట, నోరు లేస్తదంట. మీరన్న మాట నాకు యాదికున్నది బాబా. వాపస్ రా అన్నరు. కాని నా లోపల ఇంకో లెక్క మొదలయింది... బాబా బొక్కలు సాఫ్ ఉన్నయన్నది నా మాట నమ్మి కద? పడలే అన్న గనుకనే కద అంత లోతుగ చూడలే? అసలు సంగతి చెప్పి ఉంటే ఆ జరిగిన బొక్కను దొరకవట్టేటోళ్లేమో. నాలుగేండ్లు నా అబద్ధమే బిడ్డ నోరు కట్టేసిందేమో.

ఒక్కదాన్నే పోయి ఆ మనిషిని కలిసిన. ముక్కు మొకం తెల్వనోని కాడ ఎట్ల నోరు వచ్చిందో, పడ్డది అని చెప్పేసిన. ఆయన ఇంకేం అడగలే. ఇగ గదే, ఆదివారం తీసుకురా, ఒక్క చిటికెల తీసేస్త అన్నడు. ఒక్కసారి కూడ అడగలే బాబా. నేను చెప్పిందే ఆయనకు సాలు.

ఆదివారం అనుకున్నంక అన్నం సయించలే. ఎట్టు చూసినా తప్పే. తోలుకపోతే మీ మాట కాదన్నట్టు, తోలుకపోకుంటే బిడ్డకు దక్కాల్సిన ఇలాజు నా చేతులతోని ఆపినట్టు. బేస్తవారం పొద్దుగాల సరోజ ఎప్పటిలెక్క దర్వాజ కాడ నిలబడ్డది. పా పోదాం, అన్న. ఆర్నెల్ల తర్వాత టాంగా ఎక్కినం. మీకు చెప్పలేనిది అమ్మాజాన్‌కన్న చెప్పుకుందామని వచ్చిన.

మీ జాంచెట్టు మంచిగున్నది. అమ్మాజాన్ చిక్కింది. నన్ను చూసి తిట్టింది, ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా అని. తిట్టించుకున్న. ఆమె కాళ్ల కాడ కూసొని మొత్తం చెప్పిన... నూనె, బండలు, మూడుసార్లు లేదన్నది, నది అవతలాయన, ఆదివారం. మొకం ఎత్తలే.

అమ్మాజాన్ ఏం చేసిందో ఎరుకనా? కండ్లనీళ్లతోని నవ్వింది. సాబ్‌కు మొదటి దినమే ఎరుక అన్నది.

నా వేలు పట్టుకొని సరోజ మెడ కింద, భుజం దిక్కు పోయే సన్నబొక్క మీద పెట్టింది. మెల్లగ జరిపింది. ఒకకాడ... జొన్నగింజంత గడ్డ. తొమ్మిదేండ్లు పెంచిన, నాకు తెల్వదు. మీరు ఒక్కసారి చెయ్యి పెట్టి పట్టుకున్నరు. నేను టాంగా ఎక్కినంక అమ్మాజాన్‌తోని మీరన్న మాట, ఆమె మీ గొంతుతోనే చెప్పింది.

"బిడ్డ పడ్డది. చంటిగున్నప్పుడే గీ బొక్క ఇరిగి, దానంతటదే అతుక్కున్నది. మెడకు తాకలే. దాని మాటకు, ఆ పడుడుకు ఏం సంబంధం లేదు, ఈ బిడ్డ తీరే వేరు. ఇరిగింది బిడ్డ కాదు, తల్లి. ఆమె నోటితోని ఆమెనే అంటే అతుకుతది. నేనంటే ఇంక ఇరుగుతది."

నాలుగేండ్లు ఆగిన్రా బాబా? బేస్తవారం బేస్తవారం నా అబద్ధానికి అచ్ఛా అనుకుంట? ఒక్కసారి గదిమి అడిగితే ఏం పోయేది? మీ మీద కోపమొచ్చింది, నిజం చెప్తున్న. మీ వాకిట్లనే కూసొని మిమ్మల్ని మస్తు తిట్టిన. అమ్మాజాన్ ఊకోమనలే.

ఇంటికొచ్చి అత్త ముంగట, ఆయన ముంగట కూడ చెప్పేసిన. ఆదివారం ఎక్కడికి పోతలేం, పిల్ల మెడ ఎవ్వలు ముట్టొద్దు అన్న. ఆయన పలక పక్కకు పెట్టి నా చేతులు చూసిండు. ఇల్లు ఎగిరిపోతదనుకున్న. అత్త ఏమన్నదంటే... మీ ఆయన్ను నేను రెండుసార్లు పడేసిన, ఒకసారి మంచం మీదికెల్లి, ఒకసారి మెట్ల మీదికెల్లి, గందుకే ఆ ఇంగ్లీషు ఎక్కుతలేదేమో అన్నది! ఏడ్చుకుంట నవ్విన. ఎన్నేండ్లకు నవ్విన్నో.

తర్వాత ఆమెనే లేచి, తడుముకుంట పోయి, నువ్వుల నూనె గోరువెచ్చగ చేసి గిన్నె నా ముంగట పెట్టింది.

నిన్నటి సంగతి ఇది. పొద్దూకుతున్నది. సరోజ అరుగు మీద మూత తిప్పుతున్నది. చాప పరిచి, నేల మీదనే కూసున్న, ఎత్తే పని లేదు, జారే పని లేదు. బండల చప్పుడు ఇనవడ్డది, ఇనవడనీ అని నూనె వేసుకున్న. మీరు ఆనిచ్చినట్టే అరచెయ్యి గట్టిగ ఆనిచ్చిన. నిమురలే, గోకలే. మెడ కెల్లి నడుము దాక, భుజాల కాడ. ఒళ్లు కట్టెలెక్క ఉండె. ఉండంగ ఉండంగ మెత్తవడ్డది. మూత చేతులకెల్లి పడి, మోగి, ఆగిపోయింది. మళ్ల తిప్పలే.

సాలనుకొని చెయ్యి తియ్యబోయిన. అది నా మొకం దిక్కు చూడలే, ఎప్పటిలెక్కనే. కాని నా మణికట్టు పట్టుకున్నది. పట్టుకొని, చెయ్యిని మళ్ల తన వీపు మీద పెట్టుకున్నది.

దానికి మాటలు రావు బాబా. వస్తయో రావో తెల్వదు. ఇంకా కరుసుకుంటదేమో, వచ్చే ఆషాడం ఎట్ల గడుస్తదో, నా తర్వాత దానికెవలో... ఫికర్లు ఏం తక్కువ లేవు. ఆ పడుడు సంగతి మీరన్నదే నిజమా, నా పానం నిమ్మలం చేసేటందుకు అన్నరా అని కూడ ఒకపారి అనిపిస్తది. అమ్మాజాన్‌ను అడగలే. మూడుసార్లు అడిగేటంత ధైర్యం నాకెక్కడిది?

బేస్తవారాలు బార్కస్‌కు వస్తనే ఉంటం. అమ్మాజాన్ పట్టీ చుడ్తనన్నది. మిగతా ఆరు దినాలు నావి. ఏడోది కూడ నాదే.

మీరు అడిగింది ఒక్కటే మాట, మూడుసార్లు. ఇగ చెప్తున్న, ఇనండ్రి.

పడ్డది బాబా. నా చేతులల్లకెల్లే పడ్డది. ఇగ నా చేతులల్లనే ఉంటది.

మీ బేటీ,
అనసూయ